కిటికీకి వేలాడిన దవడలు

సర్కారు కొలువులో కూర్చుని జీతం తినేవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. పడుకుని తినేవాటి గురించి వినాలంటే మాత్రం పళ్ల డాక్టర్ల దగ్గరికే రావాలి. వాటికి జ్ఞానదంతాలని పెద్ద పేరు. నమలవు, కొరకవు, నవ్వినప్పుడు కనబడవు. దవడ చివర, చిగురు కింద, పక్క పన్ను మీద కాళ్లు చాపుకుని అడ్డంగా పడుకుంటాయి. మా అసిస్టెంటు భాయ్ వాటిని ‘పండుకున్న పన్ను’ అనేవాడు. ఇంతకంటే మంచి మాట నాకు పుస్తకాల్లో ఇంకా దొరకలేదు.

మనిషికి ఊహ ముదిరి, కొలువు వెతుక్కునే వయసులో మొలుస్తుంది కాబట్టి జ్ఞానదంతం అన్నారట. జ్ఞానం వచ్చేవేళకు చోటు మిగలకపోవడం మనుషుల్లో మామూలే. పళ్లలోనూ అంతే.

కొత్తగా పళ్ల డాక్టర్లయి, రెంజల్ వైపో మెండోర వైపో పోస్టింగు పడి, మొహం చిన్నబుచ్చుకుని నన్ను చూడటానికి వచ్చే పిల్లలుంటారు. “మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి” అంటారు. వాళ్లకు కావలసింది ఏదో పెద్ద గడ్డ, పెద్ద ఆపరేషను, చివర్లో చప్పట్లు. నా దగ్గర ఉన్నది అన్నిటికంటే మామూలు సంగతి. ఎంత మామూలంటే, ఇది చదువుతున్న మీ నోట్లో కూడా ఒకటి పడుకుని ఉండవచ్చు. నా నోట్లో రెండున్నాయి.

నేను చివరి ఏళ్లలో పనిచేసింది బోధన్ దగ్గర ఒక చిన్న సర్కారు దవాఖానలో. నేను వెళ్లేసరికే అక్కడి చక్కెర ఫ్యాక్టరీ నోరు మూసుకుంది. చక్కెర ఉత్పత్తి మాత్రం ఆగలేదు, జనం నెత్తుట్లోకి మారింది. షుగరు లేని నడివయసు మనిషి ఎవరైనా నా కుర్చీలో కూర్చుంటే భాయ్ చెయ్యి కలిపి మరీ పంపేవాడు.

భాయ్‌ది తరాలుగా బోధన్‌లో ఉన్న కుటుంబం. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. “మా అబ్బా పండ్లున్న చక్రాలు జూసిండు మేడం, నేను చక్రాలు లేని పండ్లు జూస్తున్న. ఖాందాన్ మొత్తం పండ్ల మీదనే బతికింది” అనేవాడు. దవాఖానలో నన్ను చాలామంది డాక్టరు కింద లెక్కవేసేవాళ్లు కాదు, ‘పండ్ల మేడం’ అనేవాళ్లు. అరటిపండ్ల బండి పెట్టుకున్నా అదే పేరు మిగిలేది.

ఒక ఏడాది మా అదృష్టం పండి, దవడ మొత్తం ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే యంత్రం వచ్చింది. అది పనిచేస్తుందో లేదో చూడటానికి అప్పటికప్పుడు దొరికినవి మా దవడలే. నాది, భాయ్‌ది, మందులిచ్చే ఫార్మసిస్టుది, అంబులెన్సు డ్రైవరుది. తీరా చూస్తే ప్రతి దవడలోనూ ఒకటో రెండో పడుకునే ఉన్నాయి. డ్రైవరుకు నాలుగు మూలలా నాలుగు. “మంచం కోళ్ల లెక్క ఉన్నయ్” అని ఆయనే నవ్వాడు. మాలో ఎవరికీ అంతకుముందు ఆ సంగతి తెలియదు, ఎవరికీ ఎప్పుడూ నొయ్యలేదు.

ఆ ఫిల్ములో ఒక తమాషా ఉంది. గుండ్రటి దవడను చాపలా పరిచి చూపిస్తుంది కాబట్టి ఎంత ఏడుపుగొట్టు మనిషి అయినా అందులో ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వుతున్నట్టే ఉంటాడు.

ఫిల్ము పెట్టి చూసే డబ్బాలో ట్యూబులైటు కాలిపోయింది. కొత్తది అడుగుతూనే ఉన్నాం, వస్తూనే ఉంది. ఈలోపు తూర్పు కిటికీయే మా డబ్బా అయింది. భాయ్ మా నలుగురి ఫిల్ములూ ఆ అద్దానికి అంటించాడు. దాంతో మా గదికి ఒక పద్ధతి ఏర్పడింది. పన్ను అడ్డంగా ఉందని చెప్పగానే మొహం పాలిపోయిన మనిషిని భాయ్ భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయేవాడు.

రెంజల్ వైపు నుంచి వచ్చిన ఆ చెరుకు రైతును కూడా అలాగే తీసుకుపోయాడు. ముప్పై అయిదు లోపు మనిషి, బలంగా ఉన్నాడు. కింది దవడ ఎడమ వైపు ఉబ్బింది. అంతకుముందూ ఒకసారి ఉబ్బి దిగిందట. పక్కన ఆయన భార్య నిలబడి, ఆయన చెప్పని ప్రతి మాటా తాను చెబుతోంది.

“అగో, ఎండకు మెరుస్తున్నది సూడు, గది మేడంది” అన్నాడు భాయ్. “పక్కది నాది. ఆ చివరది డ్రైవర్ సాబ్‌ది. అందరికి పండుకునే ఉన్నయ్. నీ ఒక్కనికేనా ఏంది? ఫికర్ జెయ్యకు.”

“డాక్టరమ్మకు గూడ ఉన్నదా?”

“రెండున్నయ్. పెద్ద కొలువు గద మరి.”

ఆయన మొహంలో రంగు తిరిగి వచ్చింది. “చెరుకును పండ్లతోటి ఒలిచేటోన్ని మేడం. నా పండ్లకు రోగమేంది?”

“నీ పండ్లకు రోగం లేదు తమ్మీ. దౌడల జాగ లేదు” అన్నాను.

“కౌలుకు దొర్కదా?”

ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “గిట్లనే మేడం, పొద్దంత. ఫోటో దిగుమంటె మాత్రం మూతి బిగవట్టుకుంటడు.”

“మరి మీరు తీపిచ్చుకున్నరా?” అని నన్నడిగాడు.

అందరూ అడిగేదే. అందరికీ చెప్పేదే చెప్పాను. “లేదు. నావి నొయ్యలేదు, ఉబ్బలేదు. నీది రెండుసార్లు ఉబ్బింది. పండుకున్న పాము వేరు, బుసకొట్టే పాము వేరు. వాపు దిగినంక నీది తియ్యాలె.”

ఈ మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క ధైర్యానికి, రెండోది జాగ్రత్తకు. నా అనుభవంలో మొదటి ముక్క రోగితోపాటు బస్సెక్కి ఊరు చేరుతుంది. రెండోది బస్టాండులోనే దిగిపోతుంది.

మందులు రాసి, తీయడానికి రోజు చెప్పి, షుగరు పరీక్ష చేయించుకుని వెళ్లమన్నాను. “షుగరా? గది మా చేన్ల ఉన్నది మేడం” అన్నాడు. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. పరగడుపున ఇవ్వాల్సిన నెత్తురు, ఆయనేమో దార్లో చెరుకు రసం తాగి వచ్చాడు. పన్ను తీసే రోజు పొద్దున్నే చేద్దామని అనుకున్నాం. వెళుతూ తన ఫిల్మును చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఊళ్లో చూపిస్తానని అన్నాడు.

చెరుకు సంగతి తెలియని పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. వరి అయితే రైతు తనకు వీలైనప్పుడు కోసుకుంటాడు. చెరుకు అలా కాదు. నరికిన గడ త్వరగా మిల్లు చేరకపోతే బరువు తగ్గుతుంది, రసం చెడుతుంది. అందుకని ఎవరి చేను ఎప్పుడు నరకాలో మిల్లు చెబుతుంది. దాన్నే కటింగ్ ఆర్డరు అంటారు. దగ్గరి ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు దూరం మిల్లులకు పోవాలి, ఆర్డరు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. వచ్చిన రోజు నరికే మనుషులు కావాలి. వాళ్లు మరాఠీ మాట్లాడే ముఠాలు. పిల్లాపాపలతో, గుడిసె సామానుతో సరిహద్దు అవతల నుంచి వస్తారు. ఒక చేను తప్పితే వాళ్ల ముకద్దం, అంటే ముఠా పెద్ద, ఇంకో చేనుకు తోలుకుపోతాడు, మళ్లీ దొరకడు. ఏడాది పొడుగునా పెంచిన పంట నిలబడి ఎండిపోతుంది. మా ప్రాంతంలో పెళ్లి ముహూర్తాన్నైనా వెనక్కి జరుపుతారు. కటింగ్ ఆర్డరును జరిపినవాళ్లను నేను చూడలేదు.

నేను చెప్పిన రోజుకు ఆయన రాలేదు, ఫోన్ వచ్చింది. భాయ్ నాకిచ్చాడు.

“మేడం, ఆర్డర్ వచ్చింది. ముఠా దిగింది. గీ కోత కానియ్యుండ్రి, మల్ల మీరెప్పుడు రమ్మంటె గప్పుడొస్త.”

“నొప్పి ఎట్లున్నది?”

“ఏం లేదు. ఉబ్బు దిగింది. మీ అసొంటిదే అయింది నాది గూడ. పండుకున్నది.”

నేను వద్దన్నాను, రేపే రమ్మన్నాను. ఆయన ‘ఆఁ మేడం, ఆఁ మేడం’ అన్నాడు. ఆ ‘ఆఁ’కు అర్థం ‘మీరు చెప్పడం మీ ధర్మం’ అని. వెనక ట్రాక్టరు చప్పుడు, మరాఠీలో ఎవరిమీదో ఎవరో అరుస్తున్న చప్పుడు. ఫోన్ పెట్టేశాక భాయ్ అన్నాడు. “పంట ఇడిచి పన్నుకెవరొస్తరు మేడం? నేనైన రాను.” నిజం చెప్పాలంటే ఆయన చోట నేనున్నా వచ్చేదాన్ని కాదు.

కోత ముగింపుకొచ్చాక ఆయన వచ్చిన పొద్దున నేను ముందు చూసింది మెడకు చుట్టిన తువ్వాలును. దానికింద చెంప నుంచి గొంతు దాకా సున్నం బెల్లం పట్టీ ఎండి, పెంకులా బిగుసుకుని ఉంది. గడ్డలు పక్వానికి వచ్చి పగలాలని మనవైపు వేసే పట్టీ అది. చెరుకు ఊళ్లలో బెల్లానికి కరువేముంది. పట్టీని గోరువెచ్చటి నీళ్లతో తడిపి తీశాను. కింది దవడ కింద రెండు వైపులా వాచింది. వేలితో నొక్కితే మెత్తగా లేదు, చెక్కను నొక్కినట్టుంది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. ఆ సందులోంచి చూస్తే నాలుక లేచి అంగిలికి ఆనింది. ఉమ్మి మింగలేక తువ్వాలులోకి వదులుతున్నాడు. పడుకోమంటే తల అడ్డంగా ఊపాడు, ముందుకు వంగి కూర్చున్నాడు. మాట్లాడితే నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది.

పిల్లలూ, మీరు ఈ నాలుగు గుర్తులూ మరిచిపోవద్దు. చెక్కలాంటి మెడ, లేచిన నాలుక, మింగలేని ఉమ్మి, పడుకోలేని మనిషి. ఇవి చూశాక అది పంటి జబ్బు కాదు, ఊపిరి జబ్బు. అందరికీ ఉండే పన్నే, అందరికీ వచ్చే వాపే. అది దవడ దాటి గొంతు చుట్టూ పాకుతుంది.

క్యాజువాలిటీలో వేలు పొడిచి షుగరు చూశారు. మీటరు అంకె చూపలేదు, ‘హై’ అని ఊరుకుంది. చేన్లో ఉన్నదంతా ఎప్పుడో ఆయన ఒంట్లోకి కూడా వచ్చేసింది.

సూదిమందు ఎక్కించి, నిజామాబాదు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, గొంతు దగ్గర ఊపిరికి దారి తెరిచేవాళ్లను సిద్ధంగా ఉంచమన్నాం. అంబులెన్సులో నేనూ ఎక్కాను. దారిలో ఊపిరి ఆగితే నేనేం చేయగలనో నాకు సరిగా తెలియదు. పళ్ల మేడం చేతిలో అంత విద్య లేదు. అయినా ఎక్కాను. మా కిటికీ మీది నాలుగో దవడ బండి నడుపుతోంది.

నిజామాబాదు రోడ్డు మీద ఆ కాలంలో చెరుకు ట్రాలీలదే రాజ్యం. గుర్రుమంటూ, ఒళ్లంతా ఊపుకుంటూ, రోడ్డు నిండా పోతుంటాయి. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలేదు. ఒక ట్రాలీని దాటుతుంటే ఆ రైతు కిటికీలోంచి చూసి, చెయ్యెత్తి దాన్ని చూపించాడు.

“మాదే మేడం” అంది ఆయన భార్య. “ఆఖరి లోడు. మాదే పోతున్నది.”

ఆ పూటకు ఆ మనిషి మొహంలో నెమ్మది కనబడింది అప్పుడే.

కాసేపటికి ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. “నేనే పెట్టిన మేడం సున్నం బెల్లం. మూడు దినాల సంది పెడుతున్న. పగిలి పోతదనుకున్న. గందుకే గిట్లయిందా?”

నా ఒక చెయ్యి ఆయన గడ్డం కింద, ఒక చెయ్యి ఉమ్మి లాగే గొట్టం మీద. “అది తర్వాత మాట్లాడుకుందాం తల్లీ” అన్నాను.

ఆసుపత్రిలో అంతా సిద్ధంగానే ఉన్నారు. గొంతులో దారి తెరిచారు, మెడ కింద కోసి చీము వదిలారు. నీలం తిరిగిన పెదాలు మళ్లీ మనిషి పెదాలయ్యాయి. సాయంత్రం చూడబోతే గొంతులో గొట్టంతో కూర్చుని ఉన్నాడు, మాట రాదు. నన్ను చూసి దవడ వైపు వేలు పెట్టి, పీకేసినట్టు సైగ చేసి, కనుబొమలు ఎగరేశాడు. పన్ను తీశారా అని. “తీసిండ్రు. నీ కౌలుదారు ఖాళీ చేసిండు” అన్నాను. ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడనే అనుకున్నాను. గొట్టం ఉన్నవాళ్ల నవ్వుకు చప్పుడుండదు.

నేను తేలిక మనసుతో బస్సెక్కాను. రెండు రోజులకు డ్రైవరే వచ్చి చెప్పాడు. చీము అప్పటికే మెడ పొరల గుండా గుండె పక్కకు దిగిపోయిందట. షుగరు దానికి దారి పొడుగునా అన్నం పెట్టింది. పోయిండు మేడం, అన్నాడు.

తప్పెవరిదని చాలా రోజులు వెతికాను. మిల్లు తన వంతు ప్రకారం ఆర్డరు ఇచ్చింది. ముఠా తన కడుపు కోసం వచ్చింది. ఆయన తన పంట కోసం ఆగాడు. భార్య తన పెద్దలు చేసిందే చేసింది. భాయ్ ధైర్యం చెప్పాడు, నేను జాగ్రత్త చెప్పాను, నిజామాబాదువాళ్లు ప్రాణం పెట్టి పనిచేశారు. ఒక్కరైనా దుర్మార్గుడు దొరికితే నాకు రాత్రి నిద్ర పట్టేది.

భాయ్ కిటికీ మీది ఫిల్ములన్నీ తీసి బీరువాలో పెట్టాడు. “గివే ముంచినయ్ మేడం. ఇగ ఎవరికి ధైర్యం చెప్పను” అన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ పన్నుతో ప్రాణం కూడా పోవచ్చు అన్నాను. జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన ఒక మేస్త్రీ అది విని, మూత్రానికి పోయి వస్తానని లేచి, మళ్లీ కనబడలేదు. ఒక టీచరమ్మ కళ్లు తిరిగి పడింది, తేరుకుని ఇంటికి పోయింది. భయపెడితే పారిపోతున్నారు, ధైర్యం చెబితే ఆగిపోతున్నారు. ఈ రెంటికీ మధ్య ఒక మాట ఉండాలి. నా సర్వీసు అంతా వెతికినా నా నాలుకకు అది తగల్లేదు. నాలుక్కి తగిలేది ఎప్పుడూ ఆ చివరి చిగురే.

నెల తిరక్కుండానే భాయ్‌తో ఫిల్ములు మళ్లీ కిటికీకి పెట్టించాను. ఆయన పెట్టాడు. భుజం పట్టుకుని తీసుకుపోవడం మాత్రం మానేశాడు. చూడాలనుకున్నవాళ్లు చూసేవాళ్లు, లేనివాళ్లు లేదు.

మరుసటి ఏడు, నేను రిటైరయ్యే ముందు, మళ్లీ చెరుకు నరికే కాలానికి ఆ రైతు భార్య వచ్చింది. వెంట మరిది ఉన్నాడు. కుర్రతనం పోని మనిషి, ఎడమ చెంప మీద చెయ్యి. ఫిల్ము తీస్తే వాళ్ల అన్న ఫిల్మును పక్కన పెట్టి గీసినట్టే ఉంది. అదే పన్ను, అదే వాలు. ఈసారి నేను ముందు వేలు పొడిచాను. షుగరు ఉంది, కొంచెమే. మందులతో మాట వినే రకం.

ఆమె కిటికీ దగ్గర నిలబడింది. “గివన్ని మీయేనా?”

“ఆఁ.”

“అందరు మంచిగనే ఉన్నరా?”

ట్రే సర్దుతున్న భాయ్ చెయ్యి ఆగింది. “మంచిగనే ఉన్నం” అన్నాను.

“ఆయనది ఇంట్ల కిటికీకే పెట్టిండు మేడం, ఉన్నప్పుడు. వచ్చినోళ్లందరికి చూపిచ్చేటోడు. డాక్టరమ్మకు గూడ ఉన్నదట అని. నేను తియ్యలేదు. మా పోరి తియ్యనియ్యది. బాపు నవ్వుతుండు అంటది.” కిటికీ వైపే చూస్తూ అంది. “ఆయన నవ్విన ఫోటో ఇంకేడ లేదు గద.”

అప్పుడు చెప్పాను, అంబులెన్సులో తర్వాత అని వాయిదా వేసిన మాట. “నీ పట్టీతోటి కాదమ్మా. పట్టీ పెట్టకున్నా గంతే అయ్యేది. ఆలస్యంతోటి అయింది, షుగరుతోటి అయింది.” ఆమె తల ఊపింది. ‘ఆఁ మేడం’ అంది. ఆ ‘ఆఁ’ నాకు తెలిసిందే.

మరిది వైపు తిరిగి, వాపు లేదు కాబట్టి రేపే తీసేద్దాం అన్నాను. అతను వదిన మొహం చూశాడు.

“ఆర్డర్ వచ్చేదున్నది మేడం” అన్నాడు. “ఇయ్యాల రేపట్ల.”

నేను ఆమెను చూశాను. ఈ ప్రపంచంలో ఆ మాటకు అడ్డం పడవలసిన మనిషి ఎవరైనా ఉంటే ఆమే. అడ్డం పడుతుందనే చూశాను.

“అవు మేడం” అంది ఆమె. “ఇద్దరి చేను గిప్పుడు ఈ పిలగాడే చూడాలె. ముఠా పోతె మల్ల రాదు. గీ కోత కానియ్యుండ్రి.”

నా దగ్గరున్న మాటలన్నీ చెప్పాను. ధైర్యం చెప్పేవీ, భయం చెప్పేవీ. పండుకున్న పామునూ, బుసకొట్టే పామునూ మళ్లీ తెచ్చాను. భాయ్ కూడా వచ్చి, “చెల్లె, ఒక్క పూట పని, నేను గాడ చేనుకాడ నిలబడత కావాల్నంటె” అన్నాడు. ఆమె అన్నీ విన్నది. ఆమెకు కోపం లేదు, మా మీద నమ్మకం కూడా పోలేదు. మందుల సంచి కొంగులో ముడేసుకుంది. గడప దగ్గర ఆగి, నాకు అభయమిస్తున్నట్టు చెప్పింది.

“మీరు రంది పడకుండ్రి మేడం. ఈసారి నేను సున్నం బెల్లం పెట్టను.”